సరకు చేరింది, సొమ్ము దారి మళ్ళింది

సరకు తూకం వేసి, బస్తాలు కుట్టి, ఓడ ఎక్కించిన తరువాత కూడా అమ్మకందారు మునిగిపోయే మార్గం ఒకటి గత పదేళ్ళలో బాగా బలపడింది. ధర పడిపోవడం వల్ల వచ్చే నష్టం కాదిది. తేమ, తరుగు, రవాణా ఆలస్యం వల్ల వచ్చేదీ కాదు. సరకు మచ్చు ప్రకారమే ఉంటుంది, అనుకున్న రోజుకే చేరుతుంది, కొనుగోలుదారు సొమ్ము కూడా చెల్లిస్తాడు. ఆ సొమ్ము అమ్మకందారుకు మాత్రం అందదు. మధ్యలో ఒక ఉత్తరం దాన్ని వేరే ఖాతాకు మళ్ళిస్తుంది.

చిన్న వర్తకులు, కంప్యూటరు సరిగా రానివారు మాత్రమే ఇందులో చిక్కుకుంటారని ఎవరైనా అనుకుంటే 2015 నాటి నాఫ్తా ఉదంతాన్ని గుర్తు చేసుకోవాలి. ప్రభుత్వరంగంలోని ఓ.ఎన్.జి.సి. ఆ సంవత్సరం సౌదీ అరేబియాలోని ఆరామ్‌కో కంపెనీకి 36,000 టన్నుల నాఫ్తా అమ్మింది. సరకు విలువ సుమారు 100 కోట్ల రూపాయలు. సరకు వెళ్ళింది. మామూలుగా గడువులోపల వచ్చే సొమ్ము ఈ దఫా రాలేదు. సెలవుల వల్ల ఆలస్యమన్నారు, ఇదిగో అదిగో అన్నారు. చివరకు వాకబు చేస్తే, అమ్మకందారు పేరుతోనే మెయిలు వెళ్ళిందనీ, అందులో కొత్త బ్యాంకు ఖాతా వివరాలు ఉన్నాయనీ, సొమ్ము ఆ ఖాతాకు పోయిందనీ బయటపడింది. రెండు దఫాల సరకుకు కలిపి 197 కోట్ల రూపాయల మేరకు మోసం జరిగిందని ఆ అక్టోబరులో ముంబయి పోలీసులకు ఫిర్యాదు అందింది.

ఇంతకూ దొంగ మెయిలు ఎలా ఉంది? కంపెనీ పేరులో ఓ తరువాత ఎన్., ఆ తరువాత జి. రావాలి. దొంగ చిరునామాలో జి. ముందుకు వచ్చింది, ఎన్. వెనక్కు పోయింది. అంతే తేడా. లెక్కల గుమాస్తా రోజుకు నూరు మెయిళ్ళు చూసేచోట ఆ రెండక్షరాల తారుమారును పట్టుకోవడం సులభం కాదు. చదివే కన్ను పేరును మొత్తంగా చూస్తుంది గాని అక్షరం అక్షరం కూడబలుక్కోదు.

ఈ రకం మోసం ప్రపంచమంతటా జరుగుతోంది. అమెరికాలో 2023 ఒక్క సంవత్సరంలోనే ఇటువంటి వ్యాపార మెయిలు మోసాల కింద అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ.కి అందిన ఫిర్యాదులలోని నష్టం 290 కోట్ల డాలర్లు. గూగుల్, ఫేస్‌బుక్ వంటి సంస్థలు కూడా 2013-15 మధ్యకాలంలో తమకు నిజంగానే సామగ్రి సరఫరా చేసే తైవాను కంపెనీ పేరుతో వచ్చిన దొంగ ఇన్వాయిస్‌లకు 12 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాయి. ఆ పని చేసిన లిథువేనియా దేశస్థుడికి 2019 డిసెంబరులో న్యూయార్కు కోర్టు అయిదేళ్ళ శిక్ష వేసింది. కంప్యూటర్లు నడిపేవారి గతే అది అయినప్పుడు మిర్చి, పసుపు, పత్తి ఎగుమతి చేసే మన వర్తకులు తమ మెయిలు మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చో ఆలోచించుకోవచ్చు.

దొంగ ఎక్కడ కూర్చుంటాడు

పద్ధతి తెలిస్తే జాగ్రత్త సగం పడినట్టే. మోసగాడు ముందుగా అమ్మకందారు మెయిలునో, కొనుగోలుదారు మెయిలునో, ఇద్దరి మధ్యనున్న బ్రోకరు మెయిలునో తెరవగలుగుతాడు. పాస్‌వర్డు ఊహించి కావచ్చు, ‘మీ మెయిలు నిండిపోయింది, ఇక్కడ మళ్ళీ లాగిన్ కండి’ అనే దొంగ పేజీ పంపి కావచ్చు, ‘కొటేషన్’ అనే పేరుతో వచ్చిన జోడింపును గుమాస్తా తెరవడం వల్ల కావచ్చు. తెరిచిన వెంటనే ఏమీ చేయడు. అక్కడే ఓపిగ్గా కూర్చుంటాడు. ప్రొఫార్మా ఎప్పుడు వెళ్ళింది, ధర ఎంత, ఏ రేవు, కంటెయినరు నంబరు ఏమిటి, బిల్లాఫ్ లేడింగ్ ఏ తేదీన తీశారు, అవతలివాళ్ళు ‘సార్’ అని రాస్తారా, ‘డియర్ బ్రదర్’ అని రాస్తారా అన్నీ చదువుతాడు. తరచుగా అతను మెయిలులో ఒక చిన్న ఏర్పాటు కూడా చేస్తాడు. ఫలానా కొనుగోలుదారు నుంచి వచ్చే ప్రతి ఉత్తరం నకలు తనకు చేరాలని, లేదా అది ఇన్‌బాక్సులో కనబడకుండా వేరే అరలోకి పోవాలని. పాస్‌వర్డు మార్చినా ఈ ఏర్పాటు అలాగే ఉండిపోతుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు.

సొమ్ము చెల్లించే రోజు దగ్గరపడగానే ఉత్తరం దిగుతుంది. ‘మా పాత ఖాతా ఆడిట్‌లో ఉన్నది. ఈసారికి ఈ ఖాతాకు పంపగలరు.’ దానితోపాటు అసలు ఇన్వాయిస్‌కు అచ్చుగుద్దినట్టున్న ఇన్వాయిస్, అదే ముద్ర, అదే సంతకం. కింద బ్యాంకు వివరాలు మాత్రమే కొత్తవి. బేరం వివరాలన్నీ సరిగ్గా ఉంటాయి కనుక కొనుగోలుదారు అనుమానించడు. శుక్రవారం సాయంత్రమో, పండుగ సెలవుల ముందో ఇటువంటి ఉత్తరాలు రావడం కాకతాళీయం కాదు. సోమవారం దాకా ఎవరూ అడగరన్నదే వారి ధీమా.

తరువాత వచ్చేది తగాదా. ‘నేను పంపాను, బ్యాంకు కాగితం ఇదిగో’ అని కొనుగోలుదారు అంటాడు. ‘నాకు రాలేదు, సరకు మాత్రం నీ గోదాములో ఉంది’ అని అమ్మకందారు అంటాడు. ఎవరి మెయిలు తెరుచుకున్నదో వారిదే తప్పని రెండో పక్షం వాదిస్తుంది. పదేళ్ళుగా నమ్మకంగా సాగిన లావాదేవీలు ఇక్కడ తెగిపోతాయి. సొమ్ము నష్టంకన్న ఇదే పెద్ద నష్టమని భావించే వర్తకులూ లేకపోలేదు.

ఇక్కడ పాతకాలపు పద్ధతి ఒకటి ప్రస్తావించదగినది. తంతి ద్వారా బేరాలు నడిచిన రోజులలో పెద్ద వర్తక సంస్థలు తమ మధ్య గుప్త పదాల పుస్తకాలు పెట్టుకునేవి. బ్యాంకులు తంతి మీద సొమ్ము బదిలీ చేసేటప్పుడు ‘టెస్టు’ అంకె ఒకటి కలిపేవి. ఆ అంకె లెక్క సరిపోతే తప్ప అవతలి శాఖ పైసా ఇచ్చేది కాదు. మన దేశంలో తంతి సర్వీసు 2013 జులైలో మూతపడింది. మెయిలు అంతకంటె వేగంగా, చవకగా వచ్చింది గాని టెస్టు అంకె మాత్రం దాని వెంట రాలేదు. ఆ లోటును వర్తకులే పూడ్చుకోవాలి.

అందుకు ఖర్చేమీ లేదు. కాంట్రాక్టులోనే ఒక వాక్యం రాసుకోవాలి: అమ్మకందారు బ్యాంకు ఖాతా ఇదీ, మెయిలు ద్వారా వచ్చిన ఏ మార్పూ చెల్లదు, మార్పు అవసరమైతే ఫలానా వ్యక్తి, ఫలానా నంబరు నుంచి నోటితో ధ్రువపరచాలి. మార్పు కోరుతూ ఉత్తరం వచ్చినప్పుడు ఆ ఉత్తరంలోనే ఇచ్చిన నంబరుకు ఫోను చేయరాదు. పాత పుస్తకంలో ఉన్న నంబరుకే చేయాలి. ఇది వినడానికి చాలా చిన్న విషయం. కాని మెయిలులోని ఫోను నంబరు కూడా మోసగాడే మారుస్తాడన్న సంగతి చాలామందికి తట్టదు. సమాధానం రాసేటప్పుడు కూడా ‘రిప్లై’ నొక్కకుండా, తమ పుస్తకంలోని చిరునామాను కొత్తగా టైపు చేసి పంపడం మేలు. ఇంగ్లీషులో ఆర్, ఎన్ అనే అక్షరాలు పక్కపక్కన చేరితే ఎం లాగే కనిపిస్తాయి. ఎల్ అక్షరం స్థానంలో ఒకటి అంకె పెడితే కళ్ళజోడు ఉన్నవారికి కూడా తేడా తెలియదు.

పేరు చూడని బదిలీ

దేశంలోపలి బేరాలకు సంబంధించి ఒక మార్పును వర్తకులు గమనించాలి. ఆర్.టి.జి.ఎస్., ఎన్.ఇ.ఎఫ్.టి. పద్ధతుల్లో సొమ్ము పంపేటప్పుడు లబ్ధిదారు పేరు రాసినప్పటికీ జమ పడేది ఖాతా నంబరును బట్టి మాత్రమే. పేరు ‘శ్రీ వేంకటేశ్వర ట్రేడర్స్’ అని రాసి, నంబరు మరెవరిదో వేస్తే సొమ్ము ఆ మరెవరికో పోయేది. పేరు రాశాం కదా అని ధీమాగా ఉన్నవారు ఎందరో దెబ్బతిన్నారు. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, సొమ్ము పంపే ముందే ఆ నంబరు ఎవరి పేరున ఉన్నదో చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులు కల్పించవలసి వచ్చింది. అంచేత కొత్త ఖాతా చేర్చుకునేటప్పుడు తెరమీద కనిపించే పేరును గుమాస్తా చదవాలి, ఇన్వాయిస్ మీది పేరుతో పోల్చాలి. వర్తక సంస్థ పేరు రావలసినచోట ఎవరో వ్యక్తి పేరు వస్తే అక్కడే ఆగాలి. విదేశాల నుంచి వచ్చే సొమ్ముకు మాత్రం ఈ సదుపాయం అక్కరకు రాదు.

బ్యాంకు పేరుతో వచ్చే మెయిళ్ళ విషయంలోనూ ఒక ఆనవాలు ఏర్పడింది. మన బ్యాంకులన్నీ తమ వెబ్ చిరునామాలను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే ముగింపుకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. ఈ ముగింపు బ్యాంకులకు తప్ప ఇతరులకు ఇవ్వరు. మరో ముగింపుతో బ్యాంకు పేరు కనిపిస్తే తెరవకముందే అనుమానించవలసిందే.

బేరమాడని బేరగాడు

రెండో తరహా మోసంలో కొనుగోలుదారే లేడు. సరకు వివరాలు, ధర, ఫోను నంబరు ఇంటర్నెట్‌లోని అమ్మకాల పోర్టళ్ళలో పెట్టిన కొద్ది రోజులకే విచారణలు మొదలవుతాయి. వాటిలో నిజమైనవీ ఉంటాయి. దొంగవాటిని పోల్చుకోవడానికి వర్తకుడికి కంప్యూటరు విద్య అక్కరలేదు, యార్డులో నేర్చిన విద్య చాలు.

ఉదాహరణకు, తేజ రకం మిర్చికి నిజమైన కొనుగోలుదారు ఏమడుగుతాడు? తేమ శాతం, రంగు, ఘాటు, తాలు ఎంత, ఏసీ సరకా, ఈ ఏటి కొత్త సరకా అని ఆరా తీస్తాడు. మచ్చు పంపమంటాడు. కిలోకు రూపాయి తగ్గించమని మూడు రోజులు నస పెడతాడు. మోసగాడు ఇవేవీ అడగడు. ‘మీ ధర మాకు సమ్మతమే, వెంటనే పది కంటెయినర్లు కావాలి’ అంటాడు. మిర్చిలో బేరమాడని కొనుగోలుదారు ఈ భూప్రపంచంలో లేడు. ధర అడగకుండా సరకు ఒప్పుకున్నవాడి ఉత్తరం దగ్గర ఒకటికి పదిసార్లు ఆగవలసింది అందుకే.

ఆ తరువాత అతను సొమ్ము పంపడు, సొమ్ము అడుగుతాడు. మా ప్రభుత్వం దగ్గర సరఫరాదారుగా రిజిస్టరు కావాలి, అందుకు ఫీజు. టెండరు పత్రానికి ఫీజు. కాంట్రాక్టును ధ్రువపరిచే వకీలుకు ఫీజు. కోట్ల ఆర్డరు ముందు యాభై వేలు లెక్కలోకి రావు కదా అని కొందరు కట్టేస్తారు. ఒకసారి కట్టినవారికి మరో ఫీజు వస్తుంది, దాని వెనుక మరొకటి. ఈ పద్ధతికి నైజీరియా శిక్షాస్మృతిలోని 419 సెక్షను పేరే స్థిరపడిపోయింది. పద్ధతి మాత్రం కంప్యూటరుకంటె చాలా పాతది. స్పెయిను జైలులో మగ్గుతున్న ధనవంతుణ్ణి విడిపిస్తే నిధిలో వాటా ఇస్తామంటూ యూరపులో, అమెరికాలో తపాలా ద్వారా ఉత్తరాలు తిరిగిన రోజుల నుంచీ ఇది ఉంది.

మరికొందరు ఫీజు అడగరు. ‘సొమ్ము పంపించాం, స్విఫ్ట్ కాపీ జతచేశాం, సరకు వదలండి’ అంటారు. స్విఫ్ట్ కాపీ అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు వెళ్ళిన ఆదేశం నకలు మాత్రమే. నిజమైనదే అయినా అది సొమ్ము కాదు. దొంగదాన్ని కంప్యూటరు మీద తయారు చేయడం పెళ్ళి శుభలేఖ తయారు చేసినంత తేలిక. సొమ్ము తమ ఖాతాలో జమ పడిందని తమ బ్యాంకు శాఖ చెప్పేదాకా బిల్లాఫ్ లేడింగ్ చేయి దాటరాదు. ‘అర్జెంటు’, ‘ఓడ వెళ్ళిపోతుంది’, ‘నమ్మకం లేదా’ అనే మాటలు ఎక్కువయ్యేకొద్దీ జాగ్రత్త పెరగాలి.

దేశంలోపల ఇదే మోసం మరో వేషంలో వస్తుంది. మోసగాడు ఉత్తరాది నగరంలోని పేరున్న సంస్థ పేరునే వాడుకుంటాడు. ఆ సంస్థ నిజమే, జి.ఎస్.టి. నంబరూ నిజమే. జి.ఎస్.టి. పోర్టల్‌లో వెదికితే సంస్థ పేరు, చిరునామా సరిగ్గా వస్తాయి. అంతటితో సంతృప్తి పడరాదు. ఉత్తరం రాసినవాడు ఆ సంస్థ మనిషేనా అన్నది వేరే ప్రశ్న. సంస్థ ఫోను నంబరును స్వయంగా సంపాదించి, లేదా ఆ ఊళ్ళో తెలిసిన కమీషన్ ఏజెంటు ద్వారా అడిగించాలి. లారీ బయలుదేరాక ‘ఆ గోదాము నిండిపోయింది, సరకు ఈ చిరునామాలో దించండి’ అని డ్రైవరుకు ఫోను వస్తే, అమ్మకందారు అనుమతి లేకుండా లారీ మలుపు తిరగకూడదని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ముందే రాసి ఇవ్వాలి. బిల్టీని కొనుగోలుదారు పేరున కాక తమ పేరునే తీసి, బ్యాంకు ద్వారా పంపే పాత హుండీ పద్ధతి ఈ మధ్య ‘చాదస్తం’ అనిపించుకుంటున్నది. కొత్త మనిషితో మొదటి బేరానికి ఆ చాదస్తమే మేలు.

జీడిపప్పు పత్రాలు

పత్రాల మీద సొమ్ము, అంటే డి.పి. పద్ధతి, ఎంతవరకు భద్రం అనే ప్రశ్నకు 2022లో వియత్నాం జీడిపప్పు ఎగుమతిదార్లకు తగిలిన దెబ్బ సమాధానం చెబుతుంది. ఆ ఏడాది మొదట్లో అక్కడి సంస్థలు ఒక బ్రోకరు ద్వారా ఇటలీకి సుమారు 100 కంటెయినర్ల జీడిపప్పు బేరం కుదుర్చుకున్నాయి. పద్ధతి మామూలుదే. అసలు పత్రాలు అమ్మకందారు బ్యాంకు నుంచి కొనుగోలుదారు బ్యాంకుకు కొరియరులో వెళతాయి, అక్కడ సొమ్ము కట్టినవాడికే పత్రాలు, పత్రాలున్నవాడికే సరకు. కాని కొరియరు కవరు తెరిచిన బ్యాంకులు తమకు అందినవి అసలు పత్రాలు కావన్నాయి. ఫలానా కొనుగోలుదారు తమ ఖాతాదారే కాదన్నాయి. సుమారు 35 కంటెయినర్ల అసలు పత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలియని స్థితి ఏర్పడింది. అవి ఎవరి చేతిలో ఉంటే వారు ఇటలీ రేవులో సరకు విడిపించుకుపోవచ్చు.

వియత్నాం జీడిపప్పు సంఘం మార్చిలో గగ్గోలు పెట్టింది. రాయబార కార్యాలయం, అక్కడి పోలీసులు, ఓడ కంపెనీలు రంగంలోకి దిగి కంటెయినర్లను రేవుల్లోనే ఆపించాయి. నెలల తరబడి తిరిగిన మీదట సరకు మళ్ళీ ఎగుమతిదార్ల అధీనంలోకి వచ్చింది. ఇది అదృష్టం కిందే లెక్క. రేవు అద్దె, ఆలస్యం, ధర తేడా ఎవరూ తిరిగివ్వరు. మరుసటి ఏడు, 2023లో, అదే దేశం నుంచి దుబాయికి డి.పి. మీద వెళ్ళిన మిరియాలు, దాల్చినచెక్క, జీడిపప్పు, అనాసపువ్వుల అయిదు కంటెయినర్ల విషయంలో కూడా సొమ్ము రాకుండా పత్రాలు మాయమైన ఫిర్యాదు వచ్చింది.

ఈ రెండు ఉదంతాలలోనూ ఎగుమతిదార్లు అమాయకులు కారు. వారు నమ్మినది పద్ధతిని. ఆ పద్ధతిలో బలహీనమైన ముడి ఎక్కడుందో మోసగాళ్ళు ముందు కనిపెట్టారు. కొనుగోలుదారు ఇచ్చిన బ్యాంకు పేరు, శాఖ, చిరునామా మెయిలులో చూసి అలాగే పత్రాలు పంపిస్తే అవి ఎవరి గుమ్మంలో దిగుతాయో చెప్పలేం. బ్యాంకు చిరునామాను తమ బ్యాంకు చేతనే, బ్యాంకుల అధికారిక జాబితా నుంచి తీయించాలి. పత్రాలు పంపే ముందే తమ బ్యాంకు ద్వారా అవతలి బ్యాంకుకు సందేశం పంపించి, ఈ పేరుగల ఖాతాదారు ఉన్నాడా అని అడిగించాలి. బిల్లాఫ్ లేడింగ్‌లో సరకు గ్రహీతగా కొనుగోలుదారు పేరు నేరుగా వేయకుండా బ్యాంకు ఆర్డరుకు తీయించడం, మూడు అసళ్ళనూ ఒకే కవరులో పంపకపోవడం ఓడ వర్తకంలో తలపండినవారు మొదటి నుంచీ చెప్పేదే.

కొత్త కొనుగోలుదారుతో లెటర్ ఆఫ్ క్రెడిట్ అడగడం ఉత్తమం. ఆ ఎల్.సి. కూడా తమ బ్యాంకు ద్వారా రావాలి. కొనుగోలుదారు మెయిలులో పంపిన ఎల్.సి. నకలును చూసి సరకు కొనడం మొదలుపెట్టడం కంటె పొరపాటు లేదు. ఎల్.సి. ఖర్చు ఎక్కువని వెనుకాడేవారు ఇ.సి.జి.సి. ద్వారా కొనుగోలుదారు పరపతి పరిమితి తీసుకోవచ్చు. 1957 నుంచి ఎగుమతి రుణాలకు బీమా ఇస్తున్న ఈ ప్రభుత్వ సంస్థ, అవతలి కంపెనీ వివరాలు చూసి గాని పరిమితి మంజూరు చేయదు. ఆ వాకబు జరగడమే వర్తకుడికి సగం లాభం. పోర్టళ్ళలో కొనుగోలుదారు పేరు పక్కన ఉండే పచ్చని గుర్తును మాత్రం బ్యాంకు గ్యారంటీగా భావించరాదు.

పాత కాటా అమ్మబోతే

పెద్ద బేరాల సంగతి ఇలా ఉండగా, షాపులోని పాత ఎలక్ట్రానిక్ కాటానో, జనరేటరునో, మోపెడునో ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టి చేతిలో సొమ్ము పోగొట్టుకునేవారు కూడా వర్తకులలో కనబడుతున్నారు. ఇక్కడ మోసగాడు సాధారణంగా సైనికుడి వేషంలో వస్తాడు. యూనిఫారం ఫొటో, గుర్తింపు కార్డు ఫొటో పంపుతాడు. ‘డ్యూటీ వల్ల రాలేను, సొమ్ము ఫోన్లో వేస్తాను, వస్తువును మా వాళ్ళ బండి వచ్చి తీసుకువెళుతుంది’ అంటాడు. సైన్యం మీద మన వారికున్న గౌరవమే అతని పెట్టుబడి.

తరువాత క్యూ.ఆర్. కోడు పంపించి, దీన్ని స్కాన్ చేసి పిన్ నంబరు కొడితే మీకు సొమ్ము వస్తుందంటాడు. కొడితే పోతుంది. యు.పి.ఐ.లో సొమ్ము తీసుకోవడానికి పిన్ అవసరమే లేదు. పిన్ కొట్టినప్పుడల్లా సొమ్ము బయటకే వెళుతుంది. వ్యక్తుల మధ్య ‘సొమ్ము పంపండి’ అని యు.పి.ఐ.లో అభ్యర్థన పంపే సదుపాయాన్ని చెల్లింపుల సంస్థ ఎన్.పి.సి.ఐ. 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేసింది. దానితో ఒక దారి మూసుకుపోయింది గాని క్యూ.ఆర్. కోడు దారి తెరిచే ఉంది.

ఇంకొకటి, ‘ఎక్కువ పంపాను’ అనే నాటకం. అయిదు వేల బదులు పొరపాటున యాభై వేలు వేశానని, నలభై అయిదు వేలు తిరిగి పంపమని ఏడుపు గొంతుతో ఫోను వస్తుంది. యాభై వేలు జమ అయినట్టు ఎస్.ఎం.ఎస్. కూడా ఉంటుంది. కాని ఆ సందేశం బ్యాంకు పేరుతో కాక మామూలు పది అంకెల మొబైలు నంబరు నుంచి వచ్చి ఉంటుంది. ఖాతా నిల్వ తెరిచి చూస్తే పైసా పెరిగి ఉండదు. అమెరికాలో ఇదే నాటకం చెక్కుతో నడుస్తుంది. ధరకంటె ఎక్కువకు చెక్కు పంపి, మిగతా సొమ్మును ‘రవాణా ఏజెంటు’కు పంపమంటారు. బ్యాంకు ముందుగా జమ చూపి, కొన్నాళ్ళకు చెక్కు దొంగదని తేల్చి ఆ మొత్తాన్ని వెనక్కు తీసుకుంటుంది. పంపిన మిగతా సొమ్ము అమ్మకందారు సొంతది. అక్కడ స్థిరపడి ఇల్లు మారేటప్పుడు సామాన్లు అమ్ముకునే మన తెలుగువారు ఈ సంగతి ముందుగా తెలుసుకుని ఉండడం మంచిది.

జరిగిపోయాక

మోసం జరిగిందని తెలిసిన తరువాత చాలామంది వర్తకులు ఒకటి రెండు రోజులు బయటకు చెప్పరు. బజారులో పరపతి పోతుందనే జంకు. సొమ్ము తిరిగివచ్చే అవకాశం ఆ రెండు రోజులలోనే కరిగిపోతుంది. మళ్ళించిన సొమ్ము మొదటి ఖాతాలో నిలవదు. గంటల్లో నాలుగు, అయిదు ఖాతాలకు చీలిపోతుంది, ఏ.టి.ఎం.లలో రొక్కంగా బయటపడుతుంది. కేంద్ర హోం శాఖ ఆధ్వర్యంలో పనిచేసే 1930 నంబరుకు వెంటనే ఫోను చేస్తే, సొమ్ము చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్ళి, ఇంకా అందులో మిగిలి ఉన్నంతవరకు స్తంభింపజేస్తారు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అదే సమయంలో తమ బ్యాంకు శాఖకు వెళ్ళి రాతమూలకంగా ఇవ్వాలి. సొమ్ము పంపినవాడు విదేశీ కొనుగోలుదారు అయితే, అతని బ్యాంకు చేత బదిలీని రద్దు కోరే సందేశాన్ని అదే గంటలో పంపించాలి. ఎవరిది తప్పు అనే తగాదా ఆ తరువాత పడవచ్చు.

అనధికార లావాదేవీలలో ఖాతాదారు బాధ్యతకు రిజర్వు బ్యాంకు 2017లో పరిమితి విధించింది. ఖాతాదారు ప్రమేయం లేకుండా సొమ్ము పోయి, మూడు పనిదినాలలో బ్యాంకుకు తెలియజేసినప్పుడు దానివల్ల మేలు జరుగుతుంది. తమ చేతితో తామే పిన్ కొట్టినప్పుడు, తామే దొంగ ఖాతాకు ఆర్.టి.జి.ఎస్. చేసినప్పుడు ఆ రక్షణ మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. మారువేషంతో కంప్యూటరు ద్వారా మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టం 66-డి సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. పట్టుబడితే.

ఫిర్యాదుకు వెళ్ళేటప్పుడు మెయిలు ప్రింటు ఒక్కటే పట్టుకుపోతే పని జరగదు. ఉత్తరం ఎక్కడి నుంచి బయలుదేరి ఏ దారిన వచ్చిందో చెప్పే వివరాలు దాని వెనుక దాగి ఉంటాయి. ప్రింటులో అవి రావు. కోపంతోనో, సిగ్గుతోనో మెయిలును చెరిపివేయరాదు. దాన్ని మరొకరికి ఫార్వర్డు చేసినా ఆ వివరాలు పోతాయి. వచ్చినది వచ్చినట్టే కంప్యూటరులో భద్రపరచాలి. మెయిలు సెట్టింగులలో తమకు తెలియకుండా ఎవరికైనా నకళ్ళు వెళ్ళే ఏర్పాటు ఉంటే, దాన్ని తొలగించే ముందు తెరను ఫొటో తీసి ఉంచుకోవాలి. ఆ నకళ్ళు ఏ చిరునామాకు వెళుతున్నాయో, పోలీసులు మొదట అడిగేది అదే.